నీళ్లు తగిలితే మండే లోహాన్ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సోడియం ముక్కలను కిరోసిన్‌లో వేసి ఉంచారు. దానికి నీటి చుక్క తగిలినా ప్రమాదమని సార్ చెప్పారు. మంటను ఆర్పేది నీళ్లే కదా, నీళ్లు తగిలితే మండడం ఏమిటి? రోజూ తినే ఉప్పులోనూ సోడియమే ఉందంటారు, ఆ ఉప్పు నీళ్లలో మామూలుగా కరిగిపోతోంది కదా? పైగా కిరోసిన్ కూడా మండేదే, అందులో దాచడం ఎందుకు? వచ్చే నెల ప్రాక్టికల్స్‌లో ఆ సోడియాన్ని మేమే కోయాలి. నాకు భయంగా ఉంది.

జవాబు: డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇందులో మూడు ‘ఎందుకు’లు ఉన్నాయి. చివర ఒక ‘ఎలా’ ఉంది, అది పైకి అడగలేదు కానీ అసలు అవసరం దానిదే. భయం గురించి ముందు ఒక మాట. సోడియాన్ని చూసి భయపడడంలో తప్పేమీ లేదు. అయితే ఆ భయం ఏ క్షణంలో అవసరమో, ఏ క్షణంలో అక్కర్లేదో తెలియాలి. అది తెలియాలంటే ‘ఎందుకు’ దగ్గర మొదలుపెట్టాలి.

ఇంటికి వెల్ల వేయడానికి రాళ్ల సున్నాన్ని తడపడం మీరు చూసే ఉంటారు. తొట్టిలో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోస్తే కాసేపటికి బుసబుసమని పొంగుతుంది, ఆవిర్లు కక్కుతుంది, రాళ్లు పిండి అవుతాయి. ఆ తొట్టి దగ్గరికి పిల్లలను పెద్దవాళ్లు రానివ్వరు. తొట్టి కింద పొయ్యి లేదు, పోసినవి చన్నీళ్లే. ఆ వేడి సున్నమూ నీరూ కలిసి కొత్త పదార్థంగా మారడంలో పుట్టింది. అంటే నీళ్లు ప్రతిదాన్నీ చల్లార్చవు. కొన్ని పదార్థాల విషయంలో వేడి పుట్టించేవి నీళ్లే.

ఇప్పుడు మంట మీద నీళ్లు పోసినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. కట్టె మండుతుంటే నీళ్లు రెండు పనులు చేస్తాయి. కట్టెలోని వేడిని పీల్చుకుని ఆవిరైపోతాయి, గాలి అందకుండా కాసేపు అడ్డుపడతాయి. ఈ రెండూ జరగాలంటే కట్టెకూ నీటికీ మధ్య రసాయనికంగా ఏమీ జరగకూడదు. కట్టె విషయంలో జరగదు కూడా. అదే ఆ పదార్థం నీటితోనే కలియబడి, నీరు పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ వేడిని వదిలితే? అప్పుడు మనం పోస్తున్న నీళ్లు మంటకు మేత అవుతాయి.

సోడియం సున్నం కంటే ఇంకో అడుగు ముందుకు వెళుతుంది. సున్నం తడిస్తే వేడి మాత్రమే వస్తుంది. సోడియం తడిస్తే వేడితో పాటు ఒక వాయువు కూడా వస్తుంది. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయని బడిలో చదువుకున్నాం. సోడియం నీటిని విడగొట్టి, అందులో కొంత హైడ్రోజన్‌ను బయటికి నెట్టేస్తుంది. మిగిలినదానితో కలిసి కాస్టిక్ సోడా అవుతుంది. సబ్బుల తయారీలో వాడే, చర్మాన్ని తినేసే క్షారం అదే. బయటికొచ్చిన హైడ్రోజన్ (ఉదజని) మహా తేలికగా అంటుకునే వాయువు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా నిప్పు తగిలితే మండుతుంది. వంటగ్యాసుకు ఈ హద్దులు ఇంత విశాలంగా ఉండవు.

లెక్క చెబితే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. 23 గ్రాముల సోడియం నీటితో పూర్తిగా చర్య జరిపితే సుమారు 12 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. దానితో పాటు దాదాపు 184 కిలోజౌళ్ల వేడి వస్తుంది. మామూలు గది వేడిమిలో ఉన్న అర లీటరు నీటిని మరిగించడానికి ఆ వేడి చాలు, ఇంకా మిగులుతుంది కూడా. ఒకే చోట, ఒకే క్షణంలో మండే వాయువూ, దాన్ని అంటించగల వేడీ పుడుతున్నాయి. చుట్టూ గాలి ఎలాగూ ఉంది. నిప్పుకు కావలసిన మూడూ అక్కడే కుదిరాయి. అగ్గిపుల్ల గీసేవాళ్లు అవసరం లేదు.

ఇక ఉప్పు సంగతి. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. పది లోపలి వరుసల్లో గట్టిగా కుదురుకుని ఉంటాయి. పదకొండోది ఒంటరిగా బయటి వరుసలో ఉంటుంది. దాన్ని వదులుకోవడానికి సోడియం ఎప్పుడూ సిద్ధమే. తీసుకునేవాళ్లు దొరికితే చాలు, ఇచ్చేస్తుంది. ఆ ఇచ్చేటప్పుడే వేడి బయటపడుతుంది. ఉప్పులోని సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో క్లోరిన్‌కు ఇచ్చేసింది. ఇక ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు, అందుకే నీళ్లలో నెమ్మదిగా కరిగిపోతుంది. సీసాలోని సోడియం లోహం మాత్రం ఆ ఎలక్ట్రాన్‌ను ఇంకా తన దగ్గరే పెట్టుకుని ఉంది. పేరు ఒకటే అయినా స్థితి వేరు.

మరి లోహానికి ఆ ఎలక్ట్రాన్ ఎలా దక్కింది? మనిషి బలవంతంగా తిరిగి ఇప్పించాడు. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి విద్యుత్తు పంపి మొదటిసారి సోడియం లోహాన్ని వేరుచేశాడు. నేటికీ పరిశ్రమల్లో కరిగించిన ఉప్పులోకి విద్యుత్తు పంపే దాన్ని తీస్తారు. ఆ తయారీకి బోలెడంత విద్యుత్తు ఖర్చవుతుంది. నీళ్లు తగిలిన క్షణంలో మన కళ్లముందు వేడిగా బయటపడేది అలా ఆ లోహంలో దాగిన శక్తే.

పెద్ద తొట్టి నీళ్లలో చిన్న సోడియం ముక్క వేయడం మీ సార్ చూపించి ఉండవచ్చు. సోడియం నీటికంటే కాస్త తేలిక, అందుకే తేలుతుంది. అది 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, అంటే నీరు మరిగేకంటే ముందే. అందువల్ల తన వేడికి తానే కరిగి గుండ్రటి వెండి బిందువై, బుస్సుమంటూ నీటిమీద పరుగులు తీస్తుంది. అలా పరిగెడుతున్నంతసేపూ కొత్త కొత్త చన్నీళ్లు తగులుతూ వేడి చెదిరిపోతుంటుంది. అందుకే చిన్న ముక్క చాలాసార్లు మంట లేకుండానే అయిపోతుంది. అదే ముక్కను తడిసిన ఫిల్టర్ పేపర్ మీద పెడితే సంగతి మారుతుంది. అది కదలలేదు, వేడి ఒక్కచోటే పోగవుతుంది, పసుపు రంగు మంట లేస్తుంది. తొట్టెడు నీళ్ల కంటే తడి కాగితం ప్రమాదకరమన్నమాట. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, చెత్తబుట్ట దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

కాస్త పెద్ద ముక్క అయితే మంటతో ఆగదు, పేలుతుంది. ఇక్కడ చాలాకాలం ఒక చిక్కుప్రశ్న ఉండేది. సోడియానికీ నీటికీ మధ్య హైడ్రోజన్, ఆవిరి కలిసి ఒక పొరలా ఏర్పడతాయి కదా, ఆ పొర రెండింటినీ విడదీసి చర్యను నెమ్మదింపజేయాలి. అలాంటప్పుడు పేలుడు ఎలా వస్తోంది? ప్రాగ్ నగరంలో పావెల్ యుంగ్‌విర్త్ బృందం అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో దీన్ని పరిశీలించి 2015లో జవాబు ప్రచురించింది. లోహం నీటిని తాకిన వెంటనే, సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే, పైపొరలోని ఎలక్ట్రాన్లు నీటిలోకి దూకేస్తాయి. వెనక మిగిలినవన్నీ ధనావేశం ఉన్న అయాన్లు. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపుడుకు బిందువు నలువైపులా ముళ్లు మొలిచినట్టు చీలిపోతుంది. ఒక్కో ముల్లుకూ కొత్త ఉపరితలం, ఒక్కో ఉపరితలానికీ కొత్త నీరు. వాయువు పొర అడ్డుపడేలోపే చర్య వందల చోట్ల మొదలైపోతుంది. చూసేవాడు కళ్లు ఆర్పేలోపు అంతా అయిపోతుంది కాబట్టి, పేలుతున్నప్పుడు తప్పించుకుందాంలే అనే ఆలోచనకు చోటు లేదు. జాగ్రత్త ఏదైనా ముందే తీసుకోవాలి.

కిరోసిన్‌లో దాచడం ఎందుకన్నది మీ మూడో ప్రశ్న. సోడియానికి నీటితో ఎంత పేచీయో గాలితోనూ అంతే. గాలిలో తేమ ఉంది, ఆక్సిజన్ ఉంది. కోసిన సోడియం లోపల వెండిలా మెరుస్తుంది, చూస్తుండగానే మసకబారుతుంది. కాబట్టి గాలినీ తేమనూ రెండింటినీ దూరంగా ఉంచే ద్రవం కావాలి, ఆ ద్రవం సోడియంతో చర్య జరపకూడదు. కిరోసిన్‌లో ఉన్నవి కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, సోడియం ఎలక్ట్రాన్‌ను తీసుకోవు. కిరోసిన్ నీటితో కలవదు. సోడియం కంటే తేలిక కాబట్టి ముక్క అడుగుకు మునిగిపోతుంది, పైన కిరోసిన్ కప్పులా నిలుస్తుంది. లిథియం విషయంలో ఇది కుదరదు, అది కిరోసిన్ మీద కూడా తేలేంత తేలిక. దాన్ని పారఫిన్ మైనంలోనో, ఆర్గాన్ వాయువులోనో ఉంచుతారు.

కిరోసిన్ మండదా అంటే మండుతుంది. మీ అనుమానం సరైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. కిరోసిన్ ఆవిరి నిప్పందుకోవడం సుమారు 38 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో ఫ్యాన్ కూడా తిరగని ల్యాబు గదికి అది పెద్ద వేడి కాదు. అందుకే సోడియం సీసా బర్నర్ ఉన్న బల్లమీద ఉండకూడదు, ఎండ పడే కిటికీ దగ్గర ఉండకూడదు. చాలా ల్యాబుల్లో ఇప్పుడు కిరోసిన్‌కు బదులు లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. అది అంత తేలికగా అంటుకోదు, త్వరగా ఆవిరి కాదు. వీలైన చోట అలా మార్చడమే మంచిదని నా నమ్మకం. కిరోసిన్ సీసా మూత వదులుగా ఉంటే ఏడాది తిరిగేసరికి ద్రవం తగ్గిపోయి ముక్కల తలలు బయటపడతాయి. సీసా తీసిన ప్రతిసారీ ముందు చూడవలసింది అదే, ముక్కలు పూర్తిగా మునిగి ఉన్నాయా లేదా అని.

సోడియానికి దగ్గరి బంధువు పొటాషియం గురించి ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. పాతబడిన పొటాషియం మీద పసుపు రంగు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చులో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది. కత్తితో నొక్కితే కింద ఉన్న లోహంతో, పైనున్న నూనెతో కలిసి అది పేలగలదు. అలాంటి సీసా కనిపిస్తే విద్యార్థులు మూత కూడా తీయకూడదు. నేరుగా లెక్చరర్‌కు చెప్పాలి.

ఇప్పుడు ‘ఎలా’ దగ్గరికి వద్దాం. మీరు చేయబోయేది బహుశా లసేన్ పరీక్ష. ఒక సేంద్రియ పదార్థంలో నత్రజని, గంధకం, క్లోరిన్ లాంటివి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి దాన్ని సోడియంతో కలిపి కరిగించే పద్ధతి అది. ఆ మూలకాలు నేరుగా దొరకవు. కర్బనంతో బిగిసిపోయి ఉంటాయి. సోడియం వాటిని విడిపించి నీళ్లలో కరిగే లవణాలుగా మారుస్తుంది. ఆ పని చేయగలుగుతోంది కూడా, ఎలక్ట్రాన్‌ను ఇచ్చేయాలనే ఆ గుణం వల్లనే. మనం భయపడుతున్న గుణమూ, మనకు ఉపయోగపడుతున్న గుణమూ ఒక్కటే.

మొదటి జాగ్రత్త పరిమాణం. ఈ పరీక్షకు పెసరగింజంత సోడియం చాలు. అది మొత్తం నీళ్లలో పడినా వచ్చే హైడ్రోజన్ సుమారు 20 మిల్లీలీటర్లు. టప్‌మని శబ్దం రావచ్చు, చిన్న మంట లేవచ్చు. అదే 50 గ్రాముల దిమ్మ నీళ్లలో పడితే 25 లీటర్లకు పైగా హైడ్రోజన్ వస్తుంది. కిటికీ అద్దాలు మిగలవు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి సోడియంతో పనిచేసేటప్పుడు అన్నిటికంటే పెద్ద రక్షణ తక్కువ తీసుకోవడమే. సీసాను విద్యార్థుల మధ్య తిప్పకూడదు. లెక్చరరో, ల్యాబ్ అటెండరో ఒకచోట కోసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇవ్వాలి. మీరు మీ చేత్తోనే కోయవలసి వచ్చినా పక్కన వాళ్లు నిలబడాలి, అలా నిలబడమని అడిగే హక్కు మీకుంది.

రెండోది పొడితనం. బల్ల, కత్తి, చిమటా, ఫిల్టర్ పేపర్, పరీక్షనాళిక అన్నీ ముందే ఆరబెట్టి, తడి లేదని చూసుకోవాలి. సింకుకు దూరంగా ఉన్న బల్ల ఎంచుకోవాలి. వర్షాకాలంలో చేతులు చెమర్చి ఉంటాయి, వేళ్ల తడి కూడా తడే. సోడియాన్ని వేళ్లతో ఎప్పుడూ పట్టుకోకూడదు. పొడి చిమటాతో సీసాలోంచి ముక్క తీసి, ఫిల్టర్ పేపర్ మడతల మధ్య అద్ది కిరోసిన్ పీల్చనివ్వాలి, వెంటనే కత్తితో కోయాలి. అది వెన్నలా మెత్తన కాబట్టి బలం అక్కర్లేదు. పైనున్న తెల్లటి పెచ్చు తీసేసి లోపలి మెరిసే భాగం నుంచి చిన్న ముక్క కోసుకుని, మిగిలిన దిమ్మను అప్పటికప్పుడే సీసాలో వేసి మూత పెట్టాలి. మూత పెట్టాకే మిగతా పని. దిమ్మ బల్ల మీద ఉండగా బర్నర్ వెలిగించడమంత పొరపాటు మరొకటి లేదు.

ఒంటి మీద ఏముండాలన్నది చాలామంది ఆషామాషీగా తీసుకుంటారు. కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. ఎగిరిపడేది కరిగిన లోహం, దాని చుట్టూ ఉండేది కాస్టిక్ సోడా. ఈ రెండూ కంటిని శాశ్వతంగా పాడుచేయగలవు. కాటన్ ల్యాబ్ కోటు వేసుకోవాలి. సింథటిక్ బట్ట మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, కాటన్ అలా అతుక్కోదు. చున్నీ తీసేయాలి లేదా కోటు లోపలికి కట్టేయాలి. జడ వెనక్కి వేసి ముడి వేసుకోవాలి. కాళ్లకు చెప్పులు కాకుండా మూసి ఉన్న బూట్లు ఉండాలి.

కరిగించే పని ఇలా జరుగుతుంది. చిన్న ఇగ్నిషన్ ట్యూబులో సోడియం వేసి, పట్టుకారుతో పట్టుకుని సన్నని సెగ మీద కరిగించాలి. మెరిసే బిందువు కాగానే పరీక్షించవలసిన పదార్థం చిటికెడు వేసి, మొదట మెల్లగా, తర్వాత ఎర్రబడేదాకా వేడి చేయాలి. ట్యూబు మూతి ఎవరి వైపూ, మీ ముఖం వైపూ ఉండకూడదు. ఇది ఫ్యూమ్ హుడ్‌లో, అద్దం దించి చేయాలి. పాఠ్యపుస్తకాల్లో ఎర్రటి ట్యూబును చైనా డిష్‌లోని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, వెంటనే వైర్‌గాజ్ కప్పమని ఉంటుంది. ట్యూబు పగిలి లోపలి లవణాలు నీటిలో కరుగుతాయి. కానీ చర్య జరగని సోడియం కొంచెం మిగిలి ఉంటే అది ఆ నీటిలో చిటపటలాడుతుంది. ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు ఉలిక్కిపడేది ఇక్కడే. దానికంటే నిదానమైన పద్ధతి ఒకటుంది. ట్యూబును చల్లారనిచ్చి, కొన్ని చుక్కల ఆల్కహాల్ వేసి మిగిలిన సోడియం పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే నీళ్లు కలపడం. ఆల్కహాల్‌తో కూడా హైడ్రోజన్ వస్తుంది, కానీ మెల్లగా వస్తుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, అంతే. పది నిమిషాలు ఎక్కువ పట్టినా నేను ఈ పద్ధతికే ఓటు వేస్తాను.

ఒక మినహాయింపు. క్లోరోఫారం, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి క్లోరిన్ ద్రవాలను సోడియం దగ్గరికి రానివ్వకూడదు. అక్కడ నీటి చుక్క లేకపోయినా పేలుడు రావచ్చు, ఎందుకంటే సోడియం ఎలక్ట్రాన్‌ను తీసుకోవడానికి అందులోని క్లోరిన్ సిద్ధంగా ఉంటుంది. కొన్ని నైట్రో సమ్మేళనాలతోనూ ఇదే ప్రమాదం.

పని అయిపోయాక ఏం చేస్తారన్నది పని చేసేటప్పటి జాగ్రత్త కంటే ముఖ్యం. ఎందుకంటే అప్పటికి మనసు తేలికపడి ఉంటుంది. సోడియం తురుము అంటిన ఫిల్టర్ పేపర్‌ను చెత్తబుట్టలో వేస్తారు. బుట్టలో తడి కాగితాలుంటాయి. ఇందాక చెప్పిన తడి కాగితం మంట ఇప్పుడు ఎవరూ చూడని చోట, గంట తర్వాత లేస్తుంది. సింకులో వేయడం ఇంకా ఘోరం, కింద గొట్టంలో హైడ్రోజన్ చేరుతుంది. పెచ్చులు, తురుము, అంటిన కాగితాలు అన్నీ లెక్చరర్ పెట్టిన పొడి పాత్రలో వేయాలి. వాటిని పెద్దవాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొంచెం కొంచెంగా వేసి, బుడగలు పూర్తిగా ఆగాక ఇథైల్ ఆల్కహాల్, ఆ తర్వాతే నీళ్లు చేర్చి నిర్వీర్యం చేస్తారు. ఇలా వరుసగా పోవడంలో కారణం ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సోడియంతో అన్నిటికంటే నెమ్మదిగా కలుస్తుంది, నీరు అన్నిటికంటే వేగంగా. నిదానస్తుడితో మొదలుపెట్టి దుడుకువాడి దగ్గరికి చివరికి వెళ్లాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా సోడియం అంటుకుందనుకోండి. నీళ్లు ఎందుకు వద్దో ఇప్పుడు మీకు తెలుసు. నురుగు మంటలార్పే సిలిండర్లో కూడా ఉన్నది నీళ్లే. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పనికొస్తుందనుకుంటారు, రాదు. మండుతున్న సోడియం కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుంటుంది. పైగా ఆ వాయువు ఒత్తిడికి కరిగిన లోహం చెల్లాచెదురవుతుంది. మామూలు ఏబీసీ పౌడర్ సిలిండర్ కూడా లోహపు మంటలకు ఉద్దేశించింది కాదు. కావలసింది పొడి ఇసుక, లేదా డి తరగతి సిలిండర్. ఆ డి తరగతి సిలిండర్లలో చాలావాటిలో ఉండే ముఖ్య పదార్థమేమిటో తెలుసా? పొడి ఉప్పు, మీరు అడిగిన ఆ సోడియం క్లోరైడే. దానిలోని సోడియం ఎప్పుడో ఎలక్ట్రాన్ ఇచ్చేసింది కాబట్టి మండుతున్న సోడియానికి దాని నుంచి దొరికేదేమీ లేదు. వేడికి ఉప్పు పెచ్చులా గట్టిపడి గాలిని ఆపేస్తుంది. ఇసుకయినా ఉప్పయినా పైనుంచి విసరకూడదు, లోహం చిందుతుంది. పొడి గరిటెతో అంచు నుంచి మెల్లగా పోస్తూ మందంగా కప్పాలి. కప్పాక కదపకూడదు. కింద చాలాసేపు వేడిగా ఉంటుంది, గాలి తగిలితే మళ్లీ లేస్తుంది. వచ్చే తెల్లటి పొగ క్షారపు పొగ, పీల్చకుండా దూరంగా జరగాలి.

సోడియం తునక చర్మం మీద పడితే మాత్రం నీళ్లే మందు. ఇది ఇప్పటిదాకా చెప్పినదానికి విరుద్ధంగా కనిపిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. మొదట కనిపించే తునకను పొడి చిమటాతో తీసేయాలి, పొడి గుడ్డతో దులపాలి. చర్మం మీది తేమతోనే అది చర్య మొదలుపెట్టి ఉంటుంది, కొద్ది నీరు తగిలితే వేడి పెరుగుతుంది. తునక పోయిన తర్వాత అక్కడ మిగిలేది కాస్టిక్ సోడా. దాన్ని కడగాలంటే ధారగా, ధారాళంగా, కనీసం 15 నిమిషాలు నీళ్లు పట్టాలి. కొద్ది నీళ్లు వేడిని పోగుచేస్తాయి, బోలెడు నీళ్లు వేడినీ క్షారాన్నీ రెండింటినీ తీసుకుపోతాయి. కంట్లో పడితే ఆలోచించకుండా నీటిధార కిందికి వెళ్లాలి. బట్టలు అంటుకుంటే సేఫ్టీ షవర్ కిందికి పరిగెత్తాలి, అది దగ్గర్లో లేకపోతే నేలమీద దొర్లాలి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లి, ఏ రసాయనమో డాక్టరుకు చెప్పాలి.

ఈ మాటలు ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, సోడియం కంటే తొందరపాటు రసాయనాలున్నాయి. టెర్షరీ బ్యూటైల్ లిథియం ద్రావణం గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు దాన్ని సిరంజితో తీస్తుండగా సిరంజి లోపలి కడ్డీ ఊడి వచ్చింది. ద్రవం చిందింది, వెంటనే అంటుకుంది. ఆమె ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ ఉంది. 2009 జనవరి 16న ఆమె చనిపోయింది. విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో భద్రత గురించి ప్రపంచమంతా గట్టిగా మాట్లాడుకోవడం ఆ తర్వాతే పెరిగింది. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో సోడియం హైడ్రైడ్, బ్యూటైల్ లిథియం లాంటివి నిత్యం వాడుతుంటారు. నేడు ల్యాబులో పెసరగింజంత సోడియం కోసే పిల్లలే రేపు అక్కడ పనికి వెళతారు. పొడి చిమటా పట్టుకోవడం ఇక్కడ అలవాటు కాకపోతే అక్కడ ఎవరు నేర్పుతారు?

దీనికి మరో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీ భయం పెరుగుతుంది. చెన్నై దగ్గర కల్పాక్కంలో ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ 1985 నుంచి ఉంది. దాన్ని చల్లబరిచే ద్రవం నీరు కాదు, కరిగిన సోడియం. అదీ టన్నుల కొద్దీ. వేడిని బాగా మోసుకుపోతుందని, ఎక్కువ ఒత్తిడి అవసరం లేదని దాన్ని ఎంచుకున్నారు. గాలి తగలకుండా పైన ఆర్గాన్ వాయువు నింపుతారు, ఎక్కడ చిన్న లీకు వచ్చినా పసిగట్టే పరికరాలు అమరుస్తారు. టన్నుల సోడియంతో పనిచేసేవాళ్లు పాటించేదీ, పెసరగింజంత సోడియంతో మీరు పాటించవలసిందీ ఒక్కటే: గాలిని, తడిని ముందే దూరం పెట్టడం.

మీ ప్రాక్టికల్స్ రోజు రాకముందే ఒక పని చేయండి. ల్యాబులో గోడకు వేలాడే ఎర్ర బకెట్ దగ్గరికి వెళ్లి ఇసుకలో చెయ్యి పెట్టి చూడండి. వానల్లో చాలాచోట్ల అది చెమ్మగా ఉంటుంది. చెమ్మ ఇసుక సోడియం మంట మీద పోస్తే నీళ్లు పోసినట్టే. తడిగా అనిపిస్తే అటెండర్‌కు చెప్పి, ఓవెన్‌లో ఆరబెట్టించి, మూత ఉన్న డబ్బాలో పోయించండి. అది మీ బల్లకు చేయందేంత దూరంలో ఉంచమని అడిగి, ఆ తర్వాతే సోడియం సీసా మూత తీయనివ్వండి.